నిప్పులక్క ముట్టుకున్న షాఫ్టు

వర్క్‌షాపులో అందరూ ఆమెను నిప్పులక్క అంటారు. ఒకటి, చేతిలో ఎప్పుడూ మంట చిమ్మే గన్ను. రెండు, నోరు. ఆ నోటికి మేస్త్రి కూడా జంకుతాడు.

ఆమె పని ఓడల ఇంజన్ షాఫ్టులకు సెన్సర్ పూత వేయడం. ఉక్కును ముందు గరుకు చేసి, నికెల్, ఇనుము కలిసిన పొడిని మంటలో కరిగించి, ఉంగరంలా చుట్టూ చిమ్ముతుంది. షాఫ్టు కాస్త మెలితిరిగినా ఆ పూతలో అయస్కాంత బలం మారుతుంది. పక్కనుండే తీగచుట్ట దాన్ని పసిగట్టి, భారం మించిందని చెబుతుంది. గరుకు చేసిన ఉక్కును మాత్రం ఉత్త చేత్తో ముట్టకూడదు. చర్మపు జిడ్డు అంటితే అక్కడ పూత గట్టిగా పట్టదు. అలా ముట్టుకున్నవాణ్ణి నిప్పులక్క ఏడు తరాలు ఎత్తి తిట్టేది.

అలాంటి మనిషే, కంచే చేను మేసినట్టు, ఆ వేళ గ్లౌజు తీసింది.

ఆ షాఫ్టు వెళ్లేది ఆమె భర్త మెకానిక్‌గా ఉన్న ఓడకు. పదకొండు నెలలుగా మనిషి ఇంట్లో లేడు. ఓడ ఎక్కడో రేవులో చెడిపోయి ఆగింది, ఈ షాఫ్టు బిగించగానే ఆయనకు సెలవు. ఫోన్లో గొంతు వింటే ఆకలి తీరుతుందా? బొటనవేలు ఉక్కుకు ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపలాగే ఉండిపోయింది. తర్వాత గ్లౌజు తొడుక్కుని, ఏమీ ఎరగనట్టు పూత వేసేసింది.

పూత బాగానే కుదిరింది. పరీక్షలో మీటరు ముల్లు సరిగ్గానే కదిలింది. మేస్త్రి మెచ్చుకున్నాడు కూడా. ఆమెకే అన్నం సయించలేదు. నెల తిరిగాక నడిసముద్రంలో పెచ్చు లేస్తే సెన్సర్ అబద్ధం చెబుతుంది. అప్పుడు ఇంజన్ పక్కన ఉండేది ఎవరి మొగుడైతేనేం?

నోరు మూసుకుంటే ఆయన ఈ వారంలోనే ఇంటికొస్తాడు. చెబితే అంతా గీకి మళ్లీ వేయాలి, షాఫ్టును తీసుకెళ్లే రేపటి సరుకు ఓడ తప్పిపోతుంది. ఇంకోటి ఇరవై రోజులకు గానీ లేదు.

"మేస్త్రిగారూ, పూత గీకించెయ్యండి. నేను ఉత్త చేత్తో ముట్టుకున్నాను."

మేస్త్రి నోరెళ్లబెట్టాడు. "నువ్వా?"

"నేనే. తిట్టాలనుంటే తిట్టండి."

షాఫ్టును మళ్లీ బల్ల మీదికి ఎక్కించమని ఆయన కుర్రాళ్లను కేకేశాడు.

సాయంత్రం భర్తకు తనే ఫోన్ చేసింది. మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటినుంచీ బావా అనే పిలుపు.

"ఇంకో ఇరవై రోజులు బావా. తప్పు నాదే. షాఫ్టు ముట్టుకున్నా."

అవతల బ్యాగు జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

"బ్యాగు కూడా సర్దేసుకున్నానే," అన్నాడు. "ముట్టకూడదని నీకు తెలీదా?"

"తెలుసు. బిగించేటప్పుడు నువ్వు పట్టుకుంటావని కూడా తెలుసు."