అక్కకు నేను నేర్పిన జడ

నా చిన్నప్పుడు మా ఇంట్లో దువ్వెన ఉండేది గానీ, దువ్వే మనిషి లేదు. నాకు ఎనిమిదేళ్లు నిండకముందే అమ్మ పోయింది. మర్రిపాడు దగ్గర మా పల్లెలో నాయనకు గొర్రెలే లోకం. పొద్దెక్కగానే మంద తోలుకుని పోతే పొద్దుగూకాకే రావడం. నా తల చిక్కులు కట్టింది, పేలు పట్టాయి. ఒకరోజు నాయన చూసి కంగారుపడి, గొర్రెలను పట్టి నెత్తురు పీల్చే గోమార్లు పోవడానికి రాసే మందు తెచ్చి నా తలకు పట్టించాడు. పేలు చచ్చాయి. వాటితోపాటు ఎడమ కణత పైన రూపాయి బిళ్లంత జుట్టూ ఊడింది. పాపం, ఆయనకు తెలిసిన వైద్యం అదే. తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

బడిలో పిల్లలు నన్ను బొచ్చూడిన మేక అన్నారు. చదువంటే నాకు ప్రాణం, అయినా ఆ తలతో బడి గడప తొక్కనని మొండికేశాను. సరే, నాతో మందకు రమ్మన్నాడు నాయన. ఇరుగుపొరుగు వాళ్లు "తల్లిలేని బిడ్డ" అంటూ నూనె గిన్నెతో వస్తే ఒంటికాలి మీద లేచేదాన్ని. జాలి చూపిస్తే ఒళ్లు మండేది. ఒకావిడ చేతిలో గిన్నెను తోసేశాను కూడా.

అప్పుడు వచ్చింది పక్కింటి అక్క. వాళ్లు భూములున్నవాళ్లు. ఆమెకు వరికుంటపాడు సంబంధం ఖాయమై ఉంది. వచ్చి మా గడపలో కూర్చుని దిగులుగా ముఖం పెట్టింది.

"అత్తగారింట్లో నీయంత ఆడబిడ్డ ఉండాది మే. రోజూ నేనే జడెయ్యాలంట. నాకేమో జడెయ్యడం రాదు. పెళ్లిదాకా పొద్దున్నే కాసేపు నీ తల ఇస్తివా, నేర్చుకుంటా."

"నాకేం పన్లేదా?" అన్నాను.

"నువ్వు కాదంటే ఇంకెవురిస్తారే నాకు?"

కాసేపు బెట్టు చేసి ఒప్పుకున్నాను. మర్నాటి నుంచి రోజూ మంద కదలకముందే వచ్చేది. ఒక్కో చిక్కునూ వేళ్లతో విడదీసేది, నొప్పి తెలియనిచ్చేది కాదు. మొదట్లో జడ వంకరటింకరగా ఉండేది. "ఇట్టా ఏస్తే నీ ఆడబిడ్డ ఏడస్తాది" అని గదమాయించేదాన్ని. తప్పు ఎక్కడుందో చూపిస్తే మారుమాట లేకుండా విప్పి మళ్లీ అల్లేది. పాపిడి మాత్రం మొదటిరోజే పక్కకు తీసింది, ఊడినచోటు బయటికి కనపడలేదు. పదిరోజులయ్యాక అద్దంలో చూసుకుని మురిసిపోయాను. అంత చక్కటి జడ నేను నేర్పిందే కదా, నలుగురికీ చూపించొద్దూ? పలక తీసుకుని బడికి బయలుదేరాను. నాయన మంద తోలుకుని ఒక్కడే పోయాడు.

అక్క పెళ్లిరోజు నేను ఆమె పక్కనే కూర్చున్నాను. అలంకరించడానికి వచ్చిన ఆడవాళ్లలో ఒకామె నవ్వుతూ అంది, "ఊళ్లో పెళ్లికూతుళ్లందరికీ పూలజడ నువ్వే ఏస్తివి. ఇయ్యాల నీకెవురేస్తారే?"

అక్క ఉలిక్కిపడి నావైపు చూసింది. నన్ను పెళ్లిళ్లకు తీసుకెళ్లేవాళ్లే లేరు, ఆ సంగతి నాకెలా తెలుస్తుంది? అప్పుడు అర్థమైంది, ఆ వంకర జడలెందుకో, ఆ పక్క పాపిడెందుకో. కోపం రావాలి నిజానికి. రాలేదు. దువ్వెన చేతిలోకి తీసుకుని, "నేర్పింది నేనేగా, నేనే ఏస్తా" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. అక్క నవ్వలేదు. నా ముందుకు జరిగి, వీపు తిప్పి కూర్చుని, కొప్పు విప్పింది.

ఆమె వెళ్లిపోయాక నా జడ నేనే వేసుకున్నాను. ఆమె తప్పులు దిద్దుతూ దిద్దుతూ నేర్చుకున్నది నేనని అప్పుడు తెలిసింది. చదువుకుని ఆత్మకూరులో టీచరునయ్యాను. పుస్తకాలు లేని పిల్లకు ఒక పుస్తకం ఇవ్వాలన్నా, ఇందులో పాఠం చదివి వినిపించవా, నా కళ్లు సరిగా కనపడడం లేదు అని అడిగి ఇచ్చేదాన్ని. ఏ ఒక్కరూ నా ముందు తలవంచుకుని తీసుకోలేదు. నా జీవితంలో నాకు దక్కిన పెద్ద సంతోషం అదే.

అక్క పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకు సాయం చేసేవాళ్లకు కొదవ లేదు. చేయిపట్టి మెట్లెక్కిస్తారు, మందులు తెచ్చిపెడతారు. అందరూ మంచివాళ్లే. కానీ తనకు చేతకాదని నా గడపలో కూర్చుని, నన్నే సాయం అడిగిన ఆ మనిషి కోసం, రాదని తెలిసీ, పొద్దున్నే కాసేపు ఎదురుచూస్తాను.