బొక్క లేని వంకాయలు

మణెమ్మ వంకాయను చేతిలోకి తీసుకోగానే బొటనవేలితో ఒక చుట్టు తిప్పుతుంది. బొక్క కనబడితే గట్టు మీదికి విసురుతుంది. కనబడకపోతే గంపలో వేస్తుంది.

"పెండ్లినాడు నన్ను గూడ గిట్లనే తిప్పి చూసింది" అంటాడు ఆమె పెనిమిటి యాకయ్య.

తరిగొప్పుల ఊళ్ళో ఆమె గంప దించితే ఎవరూ ఏరుకోరు. "మణెమ్మ చూసినంక మనం చూసేదేంది" అంటారు. ఉన్నది చిన్న వంకాయ చెలక. ఆ మాట మీదే బతుకు.

ఆ రోజు ఒక ఇంటి కోడలు సుమ గుత్తివంకాయ కూరకని కొన్నది. మణెమ్మ వాడకట్టు దాటకముందే పిలుపు వినబడింది.

"అవ్వా, జర ఇటు రా. గిదేంది?"

నాలుగుగా చీల్చిన కాయలో గులాబి రంగు పురుగు కదులుతోంది. మణెమ్మ మరొకటి తీసి తిప్పింది. నున్నగా ఉంది. చీల్చింది. అందులోనూ ఉంది.

గడపలోంచి సుమ అత్త అన్నది: "శనివారం పూట నీసు తినిపిస్తవా మణెమ్మా? సుమా, ఫోన్ల ఫొటో తియ్యి. వాడకట్టంత చూడనీ."

"బొక్క లేకుండె బిడ్డా. తిప్పి చూసిన" అన్నది మణెమ్మ. గంప మరిచి నడిచింది. సుమే వెంట తెచ్చి నెత్తికెత్తింది.

మణెమ్మ చెలకకు వెళ్ళి, గట్టు మీద పారేసిన బొక్క కాయను చీల్చింది. నల్లటి పెంట, వంకర తొవ్వ. పురుగు లేదు. ఇంకొకటి. అందులోనూ లేదు. గంపలోని నున్నటి కాయను చీల్చింది. ఉంది. తొడిమ రేకు లేపితే, కింద సూదిమొనంత మచ్చ. మానిన గాయం.

పురుగు పిల్లగా దూరేది అక్కడ. ఆమె చూసే బొక్క, అది తిని బలిసి వెళ్ళిపోయిన తొవ్వ.

 ఇన్నేళ్ళూ పారేసినవి పురుగు వదిలి పోయినవి. ఏరి ఏరి జనానికి పెట్టినవి, పురుగు ఇంకా తింటున్నవి.

ఎదురుగా తల వాల్చిన చెట్ల కొసలు. దాహమనుకుని ఆమె నీళ్ళు పారించినవి. ఒకటి తుంచి చీల్చింది. లోపల పురుగు తింటోంది.

"ఏమైందే?" అన్నాడు అప్పుడే చెలకకు వచ్చిన యాకయ్య. ఆమె తన బొటనవేలినే చూస్తోంది.

తెల్లారి, వాలిన కొసలన్నీ తుంచి మంటలో వేసింది. తర్వాత గంపతో పోయి సుమ గడప ముందు కూర్చుంది. కత్తి తీసింది.

"ఉప్పునీళ్ళ గిన్నె తే బిడ్డా."

కాయను తిప్పలేదు. చీల్చింది. తెల్లగా ఉంటే గిన్నెలో వేసింది. పురుగుంటే పక్కన పెట్టింది.

"చాలు అవ్వా, నమ్మినం" అన్నది సుమ.

మణెమ్మ ఇంకొకటి చీల్చింది.