అమెరికా పైపు పానా

నా చిన్నప్పుడు గిద్దలూరు రోడ్డు పక్కన మా పెద్దనాయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగు చేయడం, బోర్లలోంచి పైపులు పైకి లాగడం, బాగుచేసి మళ్లీ దించడం అక్కడి పని. ఆయనకు పిల్లలు లేరు. మా మేనత్త కొడుకు, నాకు బావ, మీసాలు రాకముందు నుంచే ఆ షెడ్డులో పనిచేశాడు. పెళ్లయ్యాక పెద్దనాయనను ఒకటే అడిగాడు. ఇక కూలివాడిగా కాదు, షెడ్డులో భాగస్తుడిగా ఉంటానని.

పెద్దనాయన కాదనలేదు. షరతు పెట్టాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక అమెరికా బోరు లారీ మీద పనిచేశాడట. ఆ లారీతో పాటు వచ్చిన పైపు పానా ఎంత తుప్పు పట్టిన పైపునైనా ఒక్క గుంజుకు తిప్పేదట. ఆ లారీ పోతూ పానాను కూడా తీసుకుపోయింది కానీ, దాని పట్టు గురించి ఆయన చెప్పని రోజు లేదు. "అట్లాంటిది తీస్కరా అల్లుడా. పేరుకు అమెరికా గాదు, ఆడనే తయారై ఉండాల. నా చేతిలో పెట్టిన రోజు భాగం రాసిస్తా" అన్నాడు. బెంచీ మీద కూర్చున్న రైతులంతా విన్నారు.

బావ మొదట ఒంగోలులో ఒక దుకాణంలో కొనుక్కొచ్చాడు. అట్టపెట్టె మీద అమెరికా జెండా, అమెరికా కంపెనీ పేరు, అక్కడి చిరునామా అన్నీ ఉన్నాయి. పెద్దనాయన పెట్టెను అటూ ఇటూ తిప్పి నన్ను పిలిచాడు. నేను ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నానని ఆయనకు గుర్తుంది. అడుగున చీమల్లాంటి అక్షరాలు చూపించి, అందరికీ వినపడేట్టు చదవమన్నాడు. చైనాలో తయారైందని ఉంది. చదివాను. బెంచీ అంతా నవ్వింది. ఆ తర్వాత మోటారు తెచ్చిన ప్రతి రైతూ బావను "ఏందబ్బాయ్, వీసా వచ్చినాదా?" అని పలకరించడం మొదలుపెట్టాడు. బావ భార్యను నేను అక్క అనేవాణ్ణి. ఆమె క్యారియరు తెస్తే "మీ ఆయన ఇమానం దిగినాడా అమ్మా?" అని అడిగేవాళ్లు. అందరికంటే గట్టిగా నవ్వేది పెద్దనాయనే.

బావకు నా మీద కోపం రాలేదు. సాయంత్రాలు నన్ను ఇంటర్నెట్ సెంటరుకు తీసుకుపోయి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నేను చదివి చెప్పాలి, ఆయన బొమ్మలు చూడాలి. అట్లా ఇద్దరం కలిసి కొన్ని సంగతులు తెలుసుకున్నాం. జెండాకు విలువ లేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. చిరునామా ఆఫీసుది కావచ్చు, ఫ్యాక్టరీది కాకపోవచ్చు. అక్కడ డిజైన్ చేశామన్నవాడు ఎక్కడ పోతపోశాడో చెప్పడం లేదు. అక్కడ బిగించామంటే ముక్కలు ఎక్కడివని అడగాలి. తర్వాత నేను ఇంజనీరింగ్ చదివాను గానీ, ఈ సంగతులు ఏ పుస్తకంలోనూ ఇంత తేటగా కనపడలేదు.

మేం రాసి అడిగితే ఒక అమ్మకందారు నిజాయితీగా జవాబు రాశాడు. పిడి అమెరికాదే, పైపును కరిచి పట్టే దవడలు మాత్రం వేరే దేశానివన్నాడు. అక్కకు విసుగు పుట్టింది. ఆ ముసలాయనకు ఏం తెలుస్తుంది, అదే తెచ్చి పడెయ్యమంది.

"నాకు తెలుసు గదా" అన్నాడు బావ.

చివరికి హైదరాబాదులో మూతపడిన ఫ్యాక్టరీల సామాను అమ్మే ఒకతని దగ్గర దొరికింది. తయారైన అమెరికా ఊరి పేరు పిడి ఇనుములోనే పోత అక్షరాలతో ఉంది. దవడల మీదా అదే గుర్తు ఉంది. ఆ పానా ఇంటికి వచ్చేసరికి అక్క చెవులకు కమ్మలు లేవు, వేపపుల్లలు ఉన్నాయి.

బావ దాన్ని తెల్లటి గుడ్డలో చుట్టి షెడ్డుకు తెచ్చాడు. అక్క కూడా వచ్చింది. పెద్దనాయన నన్ను చదవమనలేదు. బొటనవేలితో అక్షరాలు తడిమాడు. దవడల పళ్లు గోటితో గీకాడు. ఎన్నాళ్లుగానో ఊడక మూలన పడి ఉన్న పైపుకు తగిలించి గుంజాడు. కిర్రుమని పైపు తిరిగింది. "ఇది ఆడిదే" అన్నాడు. అక్క ముఖం వెలిగిపోయింది.

పెద్దనాయన పానా పట్టుకుని షెడ్డు వెనక్కి నడిచాడు. మేమూ వెంట పోయాం. అక్కడ నీళ్లు పడక వదిలేసిన బోరు ఒకటి ఉంది. దాని మీది బండను కాలితో పక్కకు నెట్టి, పానాను లోపలికి వదిలేశాడు. కేసింగు పైపుకు కొట్టుకుంటూ అది దిగిపోయే చప్పుడు చాలాసేపు వినపడింది.

"ఎందుకు మామా?" అన్నాడు బావ.

"యాడా దొరకదని అడిగినా. దొరక్కపోతే నువ్వే భాగం అడగడం మానుకుంటావని. అది షెడ్డులో ఉంటే నేనన్న మాట గూడా షెడ్డులోనే ఉంటది." బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా చెప్పాడు. బెంచీ మీది నుంచి మా వెంట వచ్చిన రైతు ఒకాయన "ఇంకోటి తెస్తాడులే" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆ మనిషి మెల్లగా జారుకున్నాడు.

బావ గొడవ పడలేదు. రోజూ లాగే కిరోసిన్‌తో చేతులకున్న గ్రీజు కడుక్కుని, అక్కను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత యర్రగొండపాలెంలో ఇంకొకరి దగ్గర కూలికి చేరాడు. ఆ సాయంత్రం షెడ్డు మూస్తూ పెద్దనాయన నా తల నిమిరి, "నువ్వన్నా నేర్చుకున్నావా?" అని అడిగాడు. ఆ గొంతులో గర్వం ఉంది. నేర్చుకున్నానన్నాను.

ఇప్పుడు నేను ఒక ఫ్యాక్టరీలో యంత్రభాగాలు కొనే విభాగంలో పనిచేస్తున్నాను. ఫలానా బేరింగు ఫలానా దేశంలోనే తయారై ఉండాలని అడిగేవాళ్లు ఉంటారు. అది ఎక్కడ తయారైందో పట్టుకోవడం నాకు కష్టం కాదు. కానీ ఎవరు ఏది తెమ్మన్నా, తెచ్చాక మీరు ఏం చేస్తారని ముందు అడుగుతాను. అడిగాక వాళ్ల ముఖం చూస్తాను. జవాబుకు ముందు ఆ మనిషి కళ్లు పక్కకు తిరిగితే, నేను వెతకడం మొదలుపెట్టను.