కంప్యూటర్ డొప్పల్లో పాలకూర

మా వెనకింటి పెద్దమ్మ మంగళవారం పొద్దున చనిపోయింది. నల్లా దగ్గర బిందె నిండుతుండగా కూలబడింది. గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు.

కొండాపూర్‌లో మన గల్లీ అందరికీ ఆమె తెలుసు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన కంప్యూటర్ ఆఫీసులో ఊడ్చే పని చేసేది. పాత చీర పేలికతో కట్టలు కట్టి ఆమె పంచిన పాలకూర మీలో చాలామంది తిన్నారు. అందుకే ఇది మీకు చెప్పాలి.

ఆఫీసులో పారేస్తున్న మానిటర్ల ప్లాస్టిక్ డొప్పలు అడిగి తెచ్చుకుంది. మట్టి నింపే ముందు నన్ను పిలిచింది.

"తెలుగైతే నేనే కూడబలుక్కుంట. ఇంగ్లీషు బడిల సదువుతున్నవ్ గద, గీడ ఏం రాసిందో జర సూడు బిడ్డా."

మంట అంటుకోకుండా రసాయనం కలిపిన ప్లాస్టిక్ అని ఉంది. "మంచిదే పెద్దమ్మా, ఎండలకు కూడా ఏం కాదు" అన్నాను. ఇక మిగిలిన డొప్పలు పంచుతూ ప్రతి గడపలో "మా బిడ్డ సదివి చెప్పింది" అని గొప్పలు పోయేది. మొలకలొచ్చిన రోజు, "ఇగో, నా కంప్యూటర్ చాలైంది, నడుస్తున్నది!" అని ఒకటే నవ్వు.

కొన్ని నెలలకు క్లాసులో బ్రోమిన్ పాఠం వచ్చింది. మంట అంటుకోకుండా అలాంటి ప్లాస్టిక్‌లో కలిపే బ్రోమిన్ రసాయనాలు కొన్ని మెల్లగా బయటికొచ్చి మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయని మేడమ్ చెప్పారు. ఒంట్లో చేరితే థైరాయిడ్‌కీ, కడుపులో బిడ్డ ఎదుగుదలకీ మంచిది కాదేమోనని అనుమానం ఉందట. ఫ్రెండ్ వాళ్లింట్లో అలాంటి డొప్పల్లో కూర పెంచుతున్నారని అబద్ధం చెప్పి అడిగాను. "తినేవి పెంచకూడదమ్మా" అన్నారు.

పెద్దమ్మకు చెప్పలేదు. నేనే మంచిదన్నాను కదా, ఎట్లా చెప్పను? నేను మాత్రం తినడం మానేశాను.

"ఏంది బిడ్డా, నా కూర చేదైందా?"

"కడుపునొప్పి పెద్దమ్మా."

సాయంత్రం వాము వేయించి తెచ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది.

ఆమె ఆ కూర వల్లే పోయిందని ఎవరూ అనలేదు, నేనూ అనలేను. కానీ నిన్న ఆమె కోడలు అదే పాలకూర కోస్తోంది. ఏడో నెల. వెళ్లి అంతా చెప్పేశాను.

"గిన్ని దినాలు నోరెందుకు మూస్కున్నవే?" అంది.

"పెద్దమ్మ తిడుతుందని."

"తిట్టునా? నువ్వు చెప్తే గప్పుడే అన్నీ పీకేస్తుండె." చేతిలో ఆకు కింద పడేసి, కొంగుతో మొహం కప్పుకుంది.

ఆమె ఇచ్చిన డొప్పలు మీ ఇళ్లలో ఉంటే వాటిలో తినేవేవీ వేయకండి. కాల్చకండి కూడా. నన్ను తిట్టాలనుకుంటే తిట్టండి.

కోడలూ నేనూ ఆ డొప్పల్లో మట్టిని గోనెసంచుల్లోకి ఎత్తాం. అవిప్పుడు పెద్దమ్మ ఇంటి గోడ పక్కనే ఉన్నాయి. వాటి మీద బొగ్గుతో నేనే రాశాను: "ఈ మట్టిలో కూరలు వేయొద్దు." తెలుగులో, ఒక్కో అక్షరం పెద్దగా, ఆమె కూడబలుక్కునేంత దూరం దూరంగా.