బీమా డాక్టరుతో మా అత్తమ్మ మాటామంతీ

మా ఆయన ఉద్యోగం మారాక తెలిసింది, కొత్త ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమాలో పెద్దవాళ్లకు చోటు లేదని. మాకు ఇద్దరు పెద్దవాళ్లు. మా అత్తమ్మది నల్గొండ దగ్గర పల్లె, ఎల్బీనగర్‌లో మా ఫ్లాట్‌లోనే మాతో ఉంటుంది. మా నాన్నది గుంటూరు వైపు. చైతన్యపురి కోచింగ్ సెంటర్లలో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పి, ఇప్పుడు అక్కడే ఒక చిన్న ఇంట్లో ఉంటున్నారు. సాయంత్రం కాగానే మెట్రో ఎక్కి మా ఇంటికి చాయ్‌కి వస్తారు. ఇద్దరికీ చెరో పాలసీ, ఆఫీసు బీమా చాలదని మా దంపతులకు ఒకటి తీసుకుందామనుకున్నాం.

మా కింది అంతస్తులో ఉండే ఆవిడ బీమా ఏజెంటు. ఒక ఆదివారం నాలుగు కంపెనీల బ్రోచర్లు పట్టుకుని వచ్చింది. నాన్న వాటిని ఎ, బి, సి, డి అని వరసగా టీపాయ్ మీద పేర్చి, జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. అచ్చుతప్పులున్నాయని ‘ఎ’ని మొదట్లోనే కొట్టేశారు. ‘బి’ అట్ట మీద ఒక ముసలి జంట నవ్వుతూ పరిగెత్తుతోంది.

"ఈ వయసులో పరిగెత్తేవాడు ఎవడైనా నవ్వుతాడుటండీ? నమ్మబుద్ధి కావట్లేదు," అని దాన్నీ పక్కన పెట్టారు.

ఏజెంటు ఓపిగ్గా ‘సి’ తెరిచి, కో-పే అంటే దవాఖాన బిల్లులో కొంత వాటా మనమే కట్టుకోవడమని చెప్పింది.

అత్తమ్మ ఆ బ్రోచర్‌ని మూసేసింది. "పెండ్లికి పిలిచి, కూర మీ ఇంట్లకెల్లి తెచ్చుకోండ్రి అన్నట్టున్నది. వద్దు బిడ్డా."

అలా ‘డి’ మిగిలింది. ప్రీమియం కాస్త ఎక్కువే, కానీ కో-పే లేదు. గది అద్దెకు పరిమితి లేదు. మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టకుండానే చేరొచ్చు. అత్తమ్మకు వీటిలో ఏదీ పట్టలేదు. ఆ ఆసుపత్రి ముందు ఎప్పుడూ ఆటోలు ఉంటాయని తెలిశాకే తలూపింది.

తర్వాత ఏజెంటు జబ్బుల సంగతి అడిగింది. "ఆంటీ, మీకు ఇప్పటికే ఏమన్న రోగాలున్నయా?"

అత్తమ్మ దృష్టిలో ఎవరైనా ఇంటికొచ్చి కష్టాలు అడిగారంటే, కష్టాలు ఎక్కువున్నవాళ్లకే ఏదో ఇస్తారని అర్థం. "ఉన్నయి బిడ్డా. మోకాళ్లు, నడుము, కడుపుల గ్యాసు, ఎడమ చెవుల గుయ్యిమంటది. ఎన్ని కావాలె?"

నాన్నది పూర్తిగా వేరే లెక్క. ఆయనకు ఇదొక పరీక్ష, జబ్బులన్నీ నెగెటివ్ మార్కులు. "నాకేమీ లేవండి. నిల్ అని రాసుకోండి," అన్నారు.

కంపెనీ తరఫున ఒక డాక్టరు ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి మాట్లాడతారని చెప్పి ఏజెంటు వెళ్లింది. ఆ మాట వినగానే నాన్నలోని లెక్చరర్ లేచి కూర్చున్నారు. మర్నాటి నుంచి చాయ్ తాగడం కాగానే అత్తమ్మకు కోచింగ్ మొదలుపెట్టారు.

"చెల్లెమ్మగారూ, అడిగినదానికే జవాబు చెప్పాలి. అదీ ఒక్క మాటలో. అడగంది చెప్పకూడదు. ఇప్పుడు నేను డాక్టర్ని. మీకు నిద్ర పడుతోందా?"

"మీరు డాక్టరెప్పుడయిన్రు అన్నా?"

"అనుకోండమ్మా, ఊరికే."

"నిద్ర పడ్తది. మీ అల్లుడు గురక పెడ్తడు గని, నాకు పడ్తది."

"చూశారా, గురక ఎవరడిగారు?" అని నాన్న తల పట్టుకున్నారు.

అసలు ఫోన్ ఒక సాయంత్రం వచ్చింది. అందరం హాల్లోనే ఉన్నాం. అత్తమ్మకు సరిగా వినపడాలని నేను స్పీకర్ పెట్టాను. అవతల ఎవరో చిన్నవయసు డాక్టరమ్మ.

"నమస్తే అమ్మా, బీమా కంపెనీ నుంచి డాక్టర్ని మాట్లాడుతున్నాను."

"నమస్తే బిడ్డా. తిన్నవా?"

"తిన్నానమ్మా. మీకు బీపీ గానీ, షుగర్ గానీ ఉన్నాయా?"

"నాకు లేవు," అంది అత్తమ్మ. ఒక్క మాటలో వచ్చిన జవాబుకి నాన్న బొటనవేలు పైకెత్తి మెచ్చుకున్నారు. ఆ మెప్పుతో ఉత్సాహం వచ్చిందేమో, అత్తమ్మ ఆగలేదు. "బీపీ అన్నకున్నది."

"అన్న అంటే ఎవరమ్మా?"

"మా వియ్యంకుడు. ఈడనే కూసున్నరు. ఆయనకు సుత మీరే ఫోన్ చేస్తరంట గద. పొద్దుగాల చెయ్యండ్రి, జల్ది లేస్తరు. గోలి రోజూ మా ఇంట్లనే ఏసుకుంటరు, వంటింట్ల నిలవడి. చాయ్‌తోని ఏసుకోవద్దని చెప్పిన, ఇనరు. జర మీరన్న చెప్పు బిడ్డా."

నాన్న ‘డి’ బ్రోచర్‌ని మొహానికి అడ్డం పెట్టుకున్నారు. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటున్నట్టు ఫోన్‌లోంచి చిన్న దగ్గు వినిపించింది.

నాన్నకు బీపీ ఉన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఫోన్ పెట్టేశాక అడిగాను.

"చెబితే నువ్వు ఆవకాయ ఆపేస్తావుగా అమ్మాయ్," అన్నారు బ్రోచర్ వెనక నుంచే.

నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. నవ్వే ముందు బయటపడింది.

ఏజెంటుకి ఫోన్ చేస్తే ఆమె ఊపిరి పీల్చుకుంది. "మంచిగయింది మేడం. బీపీ దాచినట్టు రేపు ఎప్పుడన్న బయటపడితే క్లెయిమ్ ఆపేస్తరు. అప్పుడు ఎంత మొత్తుకున్నా ఫాయిదా ఉండదు. ఉన్నది ఉన్నట్టు చెప్తే ప్రీమియం జర పెరుగుతదేమో, అంతే."

ఇక దాచేది లేదు గనక, తన వంతు వచ్చినప్పుడు నాన్న ఏదీ వదల్లేదు. పై రీడింగు, కింది రీడింగు, ఎండాకాలం సగటు, వానాకాలం సగటు, చిన్నప్పుడు వచ్చిన గవదబిళ్లలు. డాక్టరమ్మ మధ్యమధ్యలో "చాలు సార్" అంటూనే ఉంది. చివర్లో నాన్న, "జవాబులన్నీ సరిపోయాయా అమ్మా?" అని అడిగారు. సరిపోయాయని చెప్పేదాకా ఫోన్ పెట్టలేదు.

మూడు పాలసీలూ వచ్చాయి. నాన్నకు బీపీ వల్ల వచ్చే జబ్బులకూ, అత్తమ్మకు మోకాళ్ల ఆపరేషన్‌కూ కొంతకాలం ఆగాలన్నారు, దాన్నే వెయిటింగ్ పీరియడ్ అంటారట. అత్తమ్మ రోజూ పొద్దున మోకాళ్లకు నూనె రాసుకుంటూ వాటికి సర్ది చెప్పడం మొదలుపెట్టింది. "జర ఓపిక పట్టుండ్రి. ఇంక టైమ్ కాలే."

ఇంతా చేస్తే, ఆ వానాకాలంలో మొదట ఆసుపత్రిలో చేరింది వాళ్లిద్దరూ కాదు, నేను. డెంగీ. నా చేతికి సెలైన్ ఎక్కుతుంటే నాన్న మంచం పక్కన కూర్చుని చుక్కలు లెక్కపెట్టి, సీసా ఎప్పటికి అయిపోతుందో నర్సుకు ముందే చెప్పేవారు. అత్తమ్మ పక్క మంచం మీది ఆవిడతో స్నేహం కలిపి, వెయిటింగ్ పీరియడ్ అంటే ఏమిటో ఏజెంటుకన్నా వివరంగా చెప్పింది.

ఇంటికి పంపేరోజు పొద్దున్నే రెడీ అయ్యాం. బీమా వాళ్ల ఒప్పుకోలు వచ్చేదాకా కదలకూడదన్నారు. మధ్యాహ్నం దాటింది. నాన్న కౌంటర్ దగ్గరికి వెళ్లి రావడం, వెళ్లి రావడం. అత్తమ్మ కుర్చీలోనే గోడకు తలానించి హాయిగా నిద్రపోయింది. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది, బిల్లు మొత్తం కంపెనీయే కడుతుందని. మా ఆయన ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. ముగ్గురం ఒకే ఆటోలో సర్దుకుని కూర్చున్నాం. ఇంటికి చేరేదాకా ఇద్దరూ నాకు ఇవాళ పెరుగు పెట్టొచ్చా, కూడదా అని నా మీదుగా వాదించుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం చాలా ఆకలేస్తోంది.