ఇయ్యాల ఏం కూర?

బావ పోయాడని నాకు ఫోన్ చేసి చెప్పింది అక్క కాదు, సిరిసిల్లలో వాళ్ల పక్కింటాయన. "మీ అక్క మాట్లాడితే ఫోన్ల సమజ్ కాదని నేనే చేస్తున్న చెల్లె. మీ బావ పొద్దుగాల గుండె పట్టుకొని కూసున్నడు. దవాఖానకు గుడ తీస్కపోనియ్యలె" అన్నాడు. వెనక అక్క ఏడుపు కూడా సరిగా వినిపించలేదు. కోరుట్ల బస్టాండులో ఉన్న నేను సిరిసిల్ల వైపు పోయే బస్సు ఎక్కేశాను.

బావ మరమగ్గాల మోటార్లకు వైండింగ్ చేసేవాడు. పాట పాడడం రాదు. పాడేది అక్క. తెలంగాణ ఉద్యమం రోజుల్లో బోయినపల్లిలో సభ అన్నా, మల్లాపూర్‌లో రోడ్డు మీద వంటావార్పు అన్నా అక్క ఉండాల్సిందే. దుమ్ములో, ఎండలో, కీచుమనే మైకుల ముందు అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. కరీంనగర్ డాక్టరు చూసి, లోపల గడ్డ ఉంది, కోయాలన్నాడు. తర్వాత మాట వస్తుంది గానీ పాట సంగతి చెప్పలేనన్నాడు.

ఆపరేషన్‌లోపు ఇంట్లోనే అక్క పాటలు రికార్డు చేస్తానని బావ పట్టుబట్టాడు. అక్క వద్దంది. "రాష్ట్రం అచ్చినంక తీరువడిగ పాడుత తియ్యి."

"రాష్ట్రం ఎప్పుడస్తదో నాకెర్క లేదు. ఆపరేషనైతే సోమారమున్నది" అన్నాడు బావ.

నేనప్పుడు జగిత్యాలలో టీచర్ని. సమ్మెలో బళ్లు మూతబడ్డాయి, బస్సుల్లేవు. కొంత దూరం ఆటోలో, మిగతాది ట్రాక్టరు మీద, ఒళ్లు హూనం చేసుకుని చేరాను. "రా మరదలా, ఛాయ్ తాగి గీ బొంత పట్టుకో" అన్నాడు. బయటి చప్పుడు రాకుండా వెనకగది గోడలకు బొంతలు కడుతున్నాడు. ఎట్ల వచ్చినవని కూడా అడగలేదు.

కరెంటు ఉంటే వీధి వీధంతా మగ్గాల చప్పుడు. కరెంటు పోతే నిశ్శబ్దమే, కానీ రికార్డు చేసే కంప్యూటరు కూడా ఆగిపోయేది. ఎవరిదో ఇన్వర్టరు అడిగి తెచ్చాడు. అప్పుడు హెడ్‌ఫోన్లో జుమ్మని ఒకటే మోత. మైకు అమ్మినవాణ్ని ఒక పూటంతా తిట్టాడు. చివరికి చూస్తే తప్పు మైకుది కాదు, తను వేసిన సన్నటి వైరుది. ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుని, రెండు వైపులా మూడేసి పిన్నులున్న కేబుల్‌ను సొంతంగా సోల్డరింగ్ చేశాడు.

"ఇండ్ల రెండు తీగలున్నయి. పాట ఒకదాంట్ల సక్కగ పోతది, ఇంకోదాంట్ల తిర్లమర్ల పోతది. బయటి మోత రెండిట్ల ఒక్కతీరుగ ఎక్కుతది. అవుతల డబ్బాల ఒకదాన్ని మల్ల తిర్లేస్తే మోతకు మోత కొట్టుకపోతది, పాట మిగుల్తది" అని చెప్పాడు.

"మనింట్ల గుడ గంతే గద. నేనొకటంటే నువ్వు తిర్లమర్ల అంటవు" అంది అక్క.

"అందుకే మనింట్ల లొల్లి లేదు."

గొంతు ఎంత గట్టిగా పడుతోందో చూడడానికి అందరూ మైకులో హలో హలో అంటారు. బావ అననిచ్చేవాడు కాదు. "హలో అంటె దొంగ గొంతు అస్తది. కూర ముచ్చటైతేనే అసలు గొంతు" అనేవాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని "ఇయ్యాల ఏం కూర?" అని అడిగేవాడు. బీరకాయ అని అక్క చెబితే, "ఉప్పెక్కువైంది" అని మీట తిప్పి సౌండు తగ్గించేవాడు.

ఊరంతా కరెంటు పోయిందని తిట్టుకుంటుంటే మేం ఎప్పుడు పోతుందా అని చూశాం. "పక్కోళ్ల కూలి పోతుంటే మనం సంబురపడుతున్నం, పాపం తగుల్తది" అని బావే నొచ్చుకున్నాడు. అయినా ఆదివారం సాయంత్రం దాకా, కరెంటు పోయిన ప్రతిసారీ అక్క పాడింది.

రాష్ట్రం వచ్చింది. అక్క గొంతు రాలేదు. పటాకులు కాలుతుంటే అరుగు మీద కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆపరేషన్ తర్వాత ఆమెకు మిగిలింది గుసగుసే; పక్కన కూర్చున్నా అది నాకే సగం అర్థమయ్యేది కాదు. బావకైతే అసలు వినిపించేది కాదు. ఏళ్ల తరబడి మగ్గాల షెడ్లలో తిరిగి చెవులు మొద్దుబారాయి. ఇద్దరి మధ్యా మాట లేకుండా పోతుందని నేను చాలా భయపడ్డాను.

బావ భయపడలేదు. మైకు విప్పలేదు. రోజూ సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వెనకగదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చునేవాడు. అక్క ఎదురుగా మైకు ముందు కూర్చుని ఆ రోజు ముచ్చట్లన్నీ చెప్పేది. మోత లేని కేబుల్ కాబట్టి ఆమె గుసగుస ఆయన చెవిదాకా పోయేది. మొదటి ప్రశ్న ఎప్పుడూ కూర గురించే. నేను వెళ్లినప్పుడు గడపలో నిలబడి చూసేదాన్ని. బావ ఒక్కడే నవ్వుతుండేవాడు, ఎందుకో నాకు తెలిసేది కాదు. అంత ఓపికగా ఒక మనిషి మాట వినేవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

అంత్యక్రియలై చుట్టాలు వెళ్లిపోయాక, పక్కింటివాళ్లు పంపిన అన్నం గిన్నె మూత తీయకుండా అట్లాగే ఉంది. సాయంత్రం అక్క లేచి వెనకగదిలోకి వెళ్లింది. నేనూ వెళ్లాను. కేబుల్ మైకుకు గుచ్చింది. పిన్నులు టక్కుమని పట్టుకున్నాయి. తన కుర్చీలో కూర్చుంది. నేను బావ కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. అది నా తలకు వదులైంది, చేత్తో పట్టుకున్నాను. బయట మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. చెవిలో మాత్రం కొంచెం కూడా మోత లేదు.

అక్క మైకు దగ్గరికి వంగింది.

"ఇయ్యాల పొయ్యి ముట్టియ్యలె" అంది.