అయస్కాంతం తిప్పే మనిషి

కణాలు ఢీకొట్టే యంత్రం దగ్గర ఆ శాస్త్రవేత్త పని, పదార్థమూ, దానికి అద్దంలో బొమ్మలాంటి ప్రతిపదార్థమూ విరిగే తీరులో తేడా పట్టుకోవడం. యంత్రమే ఒక పక్కకి మొగ్గుతోందేమోనని, కణాల్ని పక్కకి వంచే అయస్కాంతాన్ని మధ్యలో తిరగేసి మళ్లీ లెక్కపెడతాడు. అప్పటికీ తేడా మిగిలితేనే నమ్ముతాడు. ఇంట్లోనూ అదే పిచ్చి. మెడ పట్టేస్తే దిండునేమీ అనడు, మంచం తిప్పి పడుకుంటాడు.

ఓ రోజు భోజనాల దగ్గర భార్య, "కవలల్లో మీకు పెద్దదంటేనే ముద్దు. దానికే ఎక్కువ వడ్డిస్తారు" అంది.

"తొందరపడకు" అని, మర్నాడు పిల్లల కుర్చీలు మార్చి వడ్డించాడు. ఈసారి తన కుడిపక్కకి వచ్చిన చిన్నదాని కంచంలో గుట్ట పడింది.

"చూశావా! నాకు ఇద్దరూ ఒకటే. తప్పంతా కుడిపక్కది!" అని మురిసిపోయాడు.

ఆ మర్నాడు కుడిపక్క కుర్చీలో ఆవిడే కూర్చుంది. అతను పిల్లలిద్దరికీ వడ్డించి, తనూ వడ్డించుకుని, తృప్తిగా తినడం మొదలుపెట్టాడు.

ఆవిడ ఖాళీ కంచం ఎత్తి చూపించింది.

"ఇప్పుడు అయస్కాంతం ఎటు తిప్పుదామంటారు?"